కారు ముందు కెమెరా వీడియో కాన్ తీగ మీద వెళ్తుందా?

ప్రశ్న: షీలానగర్‌లో ఉంటాను, ఈసీఈ పూర్తయింది. గాజువాక ఆటోనగర్‌లో మా బాబాయికి కారు ఎలక్ట్రికల్ షాపు ఉంది. ముందు అద్దం మీద ఏడాస్ (లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ లాంటి డ్రైవర్‌కి సాయపడే ఏర్పాట్లు) కెమెరా ఉన్న ఒక కస్టమర్ కారుకి, బయట కొన్న 360 డిగ్రీల కెమెరా సెట్టు, ఆండ్రాయిడ్ స్టీరియో బిగించాం. మర్నాటి నుంచి లేన్ అసిస్ట్, ఆటో బ్రేక్ వార్నింగులు వచ్చి పోతున్నాయి. కెమెరా వీడియో కాన్ మీదే వెళ్తుందా? మేం పెట్టిన కెమెరాలతో ఆ లైను నిండిపోయిందా? కొత్త కార్లలో ఈథర్‌నెట్ అంటున్నారు, అది ఆఫీసుల్లో ఉండేదేనా? అసలు ఏ వైరు ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?

జవాబు:

వెళ్లదు. కాన్ అంటే కారులోని మాడ్యూళ్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఒకదానితో ఒకటి చిన్న సందేశాలు పంపుకునే రెండు తీగల లైను. మీ నాలుగు కెమెరాల వీడియో కాన్‌ని నింపేయడం కూడా జరగలేదు, ఎందుకంటే అది కాన్‌ని తాకనే తాకదు. అలాంటి కిట్లలో కెమెరా నుంచి స్టీరియో దాకా విడిగా సొంత వైర్లు ఉంటాయి. అయితే ఆ కిట్టుతో పాటు చిన్న కాన్‌బాక్స్ ఒకటి వచ్చి ఉంటుంది. స్టీరింగ్ మీది బటన్లు పనిచేయడానికి, రివర్స్ వేయగానే స్క్రీన్ మారడానికి, ఇండికేటర్ వేస్తే ఆ పక్క కెమెరా కనిపించడానికి దాన్ని కారు కాన్ వైర్లకు కలుపుతారు. నా అనుమానం ముందు దాని మీదికే పోతుంది. రెండో అనుమానం ముందు గ్రిల్ మీద. ఎందుకో కింద చెప్తాను.

వాహనాల నెట్‌వర్కుల మీద చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ వైర్ల అవతలి చివర ఉన్నది బ్రేకు. అందుకని కోడ్ చెరిపేసి బండి ఇచ్చేయొద్దని బాబాయి గారికి గట్టిగా చెప్పండి. ఆ వార్నింగ్ ఎందుకొస్తుందో అర్థమైతే మీకే తెలుస్తుంది, అది తీసిపారేసే విషయం కాదని.

లెక్కతో మొదలుపెడదాం. ముందు కెమెరా 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లది అనుకోండి. ఒక్కో పిక్సెల్‌కి 12 బిట్లు, సెకనుకి 30 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి సుమారు 746 మెగాబిట్లు. ఈ మధ్య వస్తున్న 8 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే దాదాపు 3 గిగాబిట్లు. కార్లలో మామూలుగా వాడే కాన్ వేగం సెకనుకి 500 కిలోబిట్లు, పాత కాన్ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం 1 మెగాబిట్. ఒక్కో సందేశంలో పట్టేది 8 బైట్లే. 500 కిలోబిట్ల కాన్ మీద అలాంటి ఒక్క ఫ్రేముని పంపాలన్నా, సందేశాల హెడర్లతో కలిపి నిమిషంన్నర దాకా పడుతుంది. గాజువాక జంక్షన్లో తీసిన ఫ్రేము అవతలికి చేరేసరికి, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు కిలోమీటరున్నర దాటిపోయి ఉంటుంది. 2012లో వచ్చిన కాన్ ఎఫ్‌డీలో సందేశానికి 64 బైట్లు, వేగం కొన్ని మెగాబిట్లు. అది కూడా వీడియోకి చాలదు.

మరి కాన్‌తోనే ఇన్ని కార్లలో ఆటో బ్రేక్ ఎలా పనిచేస్తోంది? ఇక్కడే అసలు విషయం ఉంది. బొమ్మని ఎక్కడ చదువుతున్నారన్నదాన్ని బట్టే కారులో ఏ నెట్‌వర్క్ కావాలో తేలుతుంది. అద్దం వెనకాల ఉన్న డబ్బాలో లెన్సు, సెన్సరుతో పాటు ఒక ప్రాసెసర్ కూడా ఉంటుంది. మొబైల్‌ఐ వాళ్ల ఐక్యూ చిప్పు ఇలాంటి వాటిలో బాగా పేరున్నది. వీడియో అంతా ఆ డబ్బాలోనే, సర్క్యూట్ బోర్డు మీద కొన్ని సెంటీమీటర్లు ప్రయాణించి, అక్కడే ఆగిపోతుంది. బయటికి వచ్చేవి ఫలితాలు మాత్రమే. ముందున్నది కారా, బైకా, మనిషా. ఎంత దూరంలో ఉంది. ఎంత పక్కకి ఉంది. మనవైపు ఎంత వేగంతో వస్తోంది. దాని మీద కెమెరాకి ఎంత నమ్మకం ఉంది. లేన్ గీత అయితే నాలుగు అంకెల్లో ఇమిడిపోతుంది: మన నుంచి ఎంత దూరం, ఎంత కోణం, ఎంత వంపు, ఆ వంపు ఎంత త్వరగా మారుతోంది. ఇవన్నీ 8 బైట్ల కాన్ సందేశాల్లో హాయిగా సరిపోతాయి. 2008లో జపాన్‌లో వచ్చిన సుబారు ఐసైట్ రెండు కెమెరాలతో, 2022లో మన దేశంలోకి వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్ ఒక్క కెమెరాతో నడుస్తాయి. రెండూ రాడార్ లేకుండా కెమెరా మీదే ఆధారపడ్డవి.

ఇప్పుడు మీ కస్టమర్ కారు దగ్గరికి వద్దాం. ఆ డబ్బా మాట్లాడ్డమే కాదు, వింటుంది కూడా. చక్రాల వేగం, స్టీరింగ్ కోణం, బండి ఎంత తిరుగుతోందన్న యా రేటు, ఇండికేటర్ వేశారా లేదా, ఇవన్నీ దానికి కాన్ మీదే అందుతాయి. ఇవి లేకపోతే ఎదుటి వస్తువు కదులుతోందా, మనం కదులుతున్నామా అన్నది కెమెరాకి సరిగ్గా తేలదు. అందుకే ఈ సందేశాల్లో ఏదైనా నిర్ణీత సమయంలోపు రాకపోతే, అది తనంతట తానే పక్కకి తప్పుకుని వార్నింగ్ వెలిగిస్తుంది. స్కానర్ పెడితే యూ0121 కనిపిస్తే ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట పోయిందని, యూ0126 అయితే స్టీరింగ్ కోణం సెన్సర్‌తో మాట పోయిందని అర్థం. ‘యూ’తో మొదలయ్యే కోడ్లన్నీ నెట్‌వర్కుకి సంబంధించినవే. కోడ్ పేరు చూసి ఏబీఎస్ మాడ్యూల్ మార్చేసే షాపులున్నాయి. మాడ్యూల్ బాగానే ఉండి, దారే చెడిపోయి ఉండొచ్చు. అందుకే ముందు దారి చూడాలి.

పైగా సందేశం వస్తే చాలదు, అది తాజాగా కూడా ఉండాలి. భద్రతకి సంబంధించిన సందేశాల్లో ఒక చిన్న కౌంటరు ఉంటుంది, ప్రతి సందేశానికీ ఒకటి చొప్పున పెరుగుతుంది. దాంతో పాటు సీఆర్‌సీ అనే తనిఖీ సంఖ్య ఒకటి. కారు సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఆటోసార్ ప్రమాణంలో దీన్ని ఎండ్ టు ఎండ్ రక్షణ అంటారు. కౌంటరు కదలకుండా అదే అంకె మళ్లీ మళ్లీ వస్తోందంటే, అవతలి మాడ్యూల్ స్తంభించి పాత మాటే చెప్తోందని బ్రేక్ మాడ్యూల్ గ్రహించి ఆ సమాచారాన్ని పక్కన పడేస్తుంది. ఆలస్యంగా వచ్చిన దూరం, అసలు రాని దూరం కంటే ప్రమాదం. ముందు బండి 40 మీటర్లలో ఉందని నమ్మి, నిజానికి 35 మీటర్లలో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

కాన్‌బాక్స్ దీన్ని ఎలా చెడగొడుతుంది? కాన్‌లో అందరూ ఒకే రెండు తీగల మీద ఉంటారు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే, తక్కువ నంబరు ఐడీ ఉన్న సందేశం ఆగకుండా కొనసాగుతుంది, రెండోది వెనక్కి తగ్గి మళ్లీ ప్రయత్నిస్తుంది. గెలిచిన సందేశానికి ఒక్క బిట్టు కూడా నష్టం ఉండదు. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ నిలిచిందంటే ఈ తెలివే ముఖ్యమైన కారణం. కానీ ఇందులోనే ఒక బలహీనత కూడా ఉంది. తీగ మీద తప్పు కనిపించిందని ఏ మాడ్యూల్ అయినా అనుకుంటే, అది ఎర్రర్ ఫ్రేము పంపి అప్పుడు నడుస్తున్న సందేశాన్ని అందరికీ చెరిపేస్తుంది. వేరే మోడల్ కారుకి సెట్ చేసిన బాక్సు తప్పు వేగంతో వింటుంటే, దానికి ప్రతి సందేశమూ తప్పుగానే కనిపిస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది వరసగా అన్నిటినీ చెరిపేస్తూ పోతుంది. దాని ఎర్రర్ లెక్క 127 దాటితే ప్రమాణం ప్రకారం అది ఎర్రర్ పాసివ్ స్థితిలోకి పోయి, ఇతరుల సందేశాలు చెరపలేకుండా అవుతుంది. బండి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికి. మీ కస్టమర్‌ని అడగండి, వార్నింగులు స్టార్ట్ చేసిన కొత్తలోనే వచ్చి తర్వాత పోతున్నాయా అని. అవునంటే ఈ కారణం వైపే ఎక్కువ మొగ్గు చూపొచ్చు.

ఇంకో కారణం రెసిస్టరు. కాన్ తీగకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది, రెండూ కలిసి 60 ఓమ్‌లు. కొన్ని చవక బాక్సుల్లో లోపల మూడో 120 ఓమ్‌ల రెసిస్టరు పెట్టే ఉంటుంది. అది కలిస్తే 40 ఓమ్‌లకు పడిపోతుంది. సిగ్నల్ బలం తగ్గి, చల్లగా ఉన్నప్పుడు బాగుండి, మధ్యాహ్నం ఎండలో మొరాయించే రకం తయారవుతుంది. బాక్సు కోసం తీసిన కొమ్మ వైరు పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. 1 మెగాబిట్ వేగానికి ప్రమాణం చెప్పే కొమ్మ 30 సెంటీమీటర్లు. 500 కిలోబిట్ల దగ్గర కొంచెం వెసులుబాటు ఉంటుంది, కానీ డాష్‌బోర్డు కింద మీటరు వైరు చుట్ట కట్టి వదిలేస్తే ఆ చివరి నుంచి సిగ్నల్ తిరిగొచ్చి అసలు బిట్లను పాడుచేస్తుంది. మెలి వేసిన రెండు తీగల్ని మెలి విప్పి విడివిడిగా లాగినా నష్టమే. ఆ మెలికే బయటి రొదని రద్దు చేసేది.

పరీక్ష సులువే. బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, ఓబీడీ సాకెట్లో (స్కానర్ కలిపే చోటు) 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు చూడండి. 60 దగ్గర ఉంటే మంచిది, 40 అయితే ఎవరో అదనంగా చేరారు, 120 అయితే ఒక చివర తెగింది. ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. కొత్త కార్లలో మధ్యలో గేట్‌వే మాడ్యూల్, అంటే వేర్వేరు కాన్ లైన్ల మధ్య సందేశాలు అటూ ఇటూ పంపేది, ఉంటుంది. ఓబీడీ పిన్నుల్లో మీకు కనిపించేది దానికి ఇవతలి డయాగ్నస్టిక్ కాన్ మాత్రమే. కెమెరా, బ్రేకు ఉన్న కాన్ అవతల ఉంటుంది. అందుకని ఓబీడీ దగ్గర 60 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మీరు బాక్సుని ఏ తీగలకు కలిపారో ఆ తీగల దగ్గరే కొలవాలి. అన్నిటికంటే ముందు, బాక్సుని పూర్తిగా తీసేసి, కోడ్లు ఫోన్లో ఫొటో తీసుకుని, చెరిపి, కస్టమర్‌ని రెండు మూడు రోజులు తిప్పమనండి. వార్నింగ్ రాకపోతే దొంగ దొరికినట్టే.

గ్రిల్ సంగతి. 360 సెట్టులో ముందు కెమెరా గ్రిల్‌లోనో లోగో పక్కనో పెడతారు. చాలా కార్లలో ముందు రాడార్ అక్కడే, లోగో వెనకో బంపర్ లోపలో ఉంటుంది. బంపర్ దింపి ఎక్కించేటప్పుడు దాని బ్రాకెట్ కొంచెం వంగినా, దాని ముందు నుంచి మీ కెమెరా వైరు అడ్డంగా వెళ్లినా ఆటో బ్రేక్ వార్నింగ్ వస్తుంది. దీనికి కాన్‌తో సంబంధం లేదు. అలాగే పక్క అద్దాలు విప్పినప్పుడు ఏ కనెక్టరైనా సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. కరెంటు కూడా ఎక్కడ నుంచి తీశారో చూసుకోండి. ఏడాస్ కెమెరా ఫ్యూజు నుంచి పిల్ల వైరు తీయడం అసలు చేయకూడదు.

ఇక కారు కంపెనీలే పెట్టే 360 కెమెరాల విషయం వేరు, మీ ఫీల్డులో ముందు ముందు ఎక్కువ పని వచ్చేది కూడా వాటితోనే. అక్కడ చాలావాటిలో కెమెరాలో ప్రాసెసర్ ఉండదు. నాలుగు వైపుల నుంచి బొమ్మలు ఒక కంప్యూటర్‌కి వచ్చి, అక్కడ కలిసి పై నుంచి చూసినట్టు కనిపిస్తాయి. కుదించని వీడియో మొత్తం మీటర్ల కొద్దీ ప్రయాణించాలి. దీనికి వాడేది సెర్డెస్ లింకు, అంటే బొమ్మ బిట్లని వరసగా ఒకే తీగలో చాలా వేగంగా పంపి, అవతల మళ్లీ విడదీసే ఏర్పాటు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఎఫ్‌పీడీ-లింక్, ఇప్పుడు అనలాగ్ డివైసెస్ చేతిలో ఉన్న జీఎంఎస్‌ఎల్ ఈ రంగంలో రెండు పెద్ద పేర్లు. 2020లో మిపి సంస్థ ఏ-ఫై అనే ఉమ్మడి ప్రమాణం కూడా తెచ్చింది. జీఎంఎస్‌ఎల్ రెండో తరం కెమెరా నుంచి కంప్యూటర్ వైపు సెకనుకి 6 గిగాబిట్ల దాకా తీసుకెళ్తుంది. వెనక్కి, అంటే కెమెరాకి ఎక్స్‌పోజరు మార్చమని చెప్పే దారి 187 మెగాబిట్లు. కరెంటు కూడా అదే తీగలో పంపొచ్చు. చూడ్డానికి అది డిష్ వైరు లాంటి కోయాక్సియల్ కేబులే, చివర్లలో రంగు రంగుల ఫాక్రా కనెక్టర్లు ఉంటాయి.

డిష్ వైరులా కనిపిస్తుంది కాబట్టే దాన్ని కోసి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తుంటారు. దయచేసి ఎప్పుడూ చేయొద్దు. మల్టీమీటర్ కంటిన్యుటీ ఇస్తుంది, బీప్ వస్తుంది, కరెంటు కూడా వెళ్తుంది. కానీ గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి ఆ అతుకు దగ్గర 50 ఓమ్‌ల ఇంపీడెన్స్ చెడి, కొంత శక్తి వెనక్కి తిరుగుతుంది. లింకు ఒక్కోసారి లాక్ అవుతుంది, ఒక్కోసారి అవ్వదు. స్పీడ్ బ్రేకర్ మీద స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తుంది. తెగితే ఆ ముక్క మొత్తం, కనెక్టర్లతో సహా, కొత్తది వేయాల్సిందే.

మన విశాఖకి ఉప్పు గాలి ఉంది కాబట్టి ఇది మనకి ఇంకా ముఖ్యం. ముందు అద్దం కెమెరా క్యాబిన్ లోపల ఉంటుంది, దానికి పెద్ద ఇబ్బంది లేదు. పక్క అద్దాల కింద, డిక్కీ తలుపు మీద, గ్రిల్‌లో ఉన్నవాటి కనెక్టర్లే తడికీ ఉప్పుకీ దొరికేవి. రుషికొండ, భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా రాత్రీ పగలూ బయట నిలబెట్టే బండ్లలో, సీలు రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే మధ్య పిన్నుకీ చుట్టూ ఉన్న కవచానికీ మధ్య తేమ పొర ఏర్పడుతుంది. కరెంటు కూడా అదే తీగలో వెళ్తుంది కనుక తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పని అయ్యాక సీలు తిరిగి సరిగ్గా పెట్టడం, వైరుని కనెక్టరు కంటే కిందికి ఒక వంపు తిప్పి తీసుకెళ్లడం, నీళ్లు వంపు దగ్గరే కారిపోయేలా చూడ్డం అలవాటు చేసుకోండి. డిక్కీ మడత దగ్గర వైరు రోజూ వంగి వంగి లోపల నలిగిపోతుంది, అది కూడా చూడండి.

ఇప్పుడు ఈథర్‌నెట్. పేరు అదే, పైన నడిచే ప్యాకెట్లూ అవే, కానీ తీగ వేరు. ఆఫీసులో 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కి రెండు జతల తీగలు, ఆర్‌జే45 ప్లగ్గు. కారులో 100బేస్-టీ1కి కవచం లేని ఒకే ఒక జత, 15 మీటర్ల దాకా. బ్రాడ్‌కామ్ తయారుచేసిన బ్రాడ్ఆర్-రీచ్ నుంచి ఇది పుట్టింది. 2011లో కంపెనీల కూటమి ఓపెన్ అలయన్స్ ఏర్పడింది, 2013 బీఎండబ్ల్యూ ఎక్స్5లో చుట్టూ చూపే కెమెరాలకు దీన్ని వాడారు, 2015లో ఐఈఈఈ 802.3బీడబ్ల్యూగా ప్రమాణం అయింది. 1 గిగాబిట్ రకం 2016లో, 10 గిగాబిట్ల దాకా వెళ్లేది 2020లో వచ్చాయి. తీగ సన్నబడి బరువు తగ్గడం కంపెనీలకు పెద్ద ఆకర్షణ.

షాపులో పనిచేసేవాళ్లు దీని గురించి గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కాన్ మీద మూడో మనిషి చెవి పెట్టొచ్చు, ఇక్కడ కుదరదు. ఈ జత మీద రెండు చివర్లూ ఒకేసారి, ఒకే తీగలో మాట్లాడుతుంటాయి. తను పంపిన సిగ్నల్‌ని తానే తీసేసుకుని అవతలివాళ్లది వింటుంది. మధ్యలో ఇంకో తీగ తగిలిస్తే ఆ లెక్క తప్పి లింకే పడిపోతుంది. కాబట్టి సన్నని మెలి వేసిన జత కనిపించిందని కాన్ అనుకుని టాప్ చేయకండి. ఆ కారు వైరింగ్ డయాగ్రం చూడకుండా ఏ మెలి జతనీ గుచ్చొద్దు. ల్యాప్‌టాప్ కలపాలంటే మధ్యలో మీడియా కన్వర్టర్ కావాలి.

100 మెగాబిట్లలో 746 మెగాబిట్ల వీడియో ఎలా పడుతుంది? పట్టదు, కుదించాలి. డ్రైవర్ స్క్రీన్ మీద చూసుకోడానికి కుదింపు సరిపోతుంది. మనిషిని గుర్తుపట్టి బ్రేకు వేయాల్సిన బొమ్మకి అంత తేలిగ్గా ఒప్పుకోరు. కుదింపుకి సమయం పడుతుంది, చీకట్లో ఉండే సన్నని వివరాలు చెదిరిపోతాయి. లంకెలపాలెం దాటాక హైవే మీద రాత్రి లైటు లేని సైకిల్‌ని కెమెరా పట్టుకోవాలంటే ఆ వివరాలే కావాలి. అందుకే చదవాల్సిన బొమ్మ ముడి రూపంలో సెర్డెస్ మీద, చూపించాల్సిన బొమ్మా, ఫలితాలూ, రాడార్ సమాచారం ఈథర్‌నెట్ మీద లేదా కాన్ ఎఫ్‌డీ మీద, ఇలా రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈథర్‌నెట్ వచ్చేసి మిగతావన్నీ పోతాయని కాలేజీల్లో చెప్తుంటారు, నేను ఒప్పుకోను. పవర్ విండోకి 20 కిలోబిట్ల లిన్ అనే చవక ఒంటి తీగే ఇప్పటికీ సరైన జవాబు.

వేగం కంటే నాకు ముఖ్యంగా తోచేది సమయం. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లలో బండి 83 సెంటీమీటర్లు కదులుతుంది. కెమెరా, రాడార్ రెండూ ఉన్న కారులో, 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ700 లాంటి దానిలో, రెండిటి మాటల్నీ కలపాలి. కెమెరా చెప్పింది 50 మిల్లీసెకన్ల కిందటిది, రాడార్ చెప్పింది ఇప్పటిది అయితే, ఆగి ఉన్న ఒకే లారీ ఒకటింపావు మీటరు తేడాతో రెండు చోట్ల కనిపిస్తుంది. తేడా ఎంతో తెలిస్తే సరిచేయొచ్చు. తెలియకపోతే, లేదా ఒక్కోసారి ఒక్కోలా మారుతుంటే, ఏ లెక్కా కుదరదు. అందుకే ఫొటో చేరిన సమయం కాకుండా తీసిన సమయం దాని మీద ముద్ర వేయాలి, ఆ ముద్ర వేసే గడియారాలన్నీ ఒకటే సమయం చూపాలి. ఈథర్‌నెట్‌లో 802.1ఏఎస్ అనే ప్రమాణం ఈ గడియారాల్ని మైక్రోసెకను లోపు తేడాతో కలిపి ఉంచడానికి పుట్టింది. 802.1క్యూబీవీ అయితే ముఖ్యమైన ప్యాకెట్లకు ముందే సమయం కేటాయించి, ఆ వేళకి దారి ఖాళీగా ఉంచుతుంది. 100 మెగాబిట్ల లింకు మీద ఒక పెద్ద ప్యాకెట్ దాటడానికి సుమారు 0.12 మిల్లీసెకన్లు, 500 కిలోబిట్ల కాన్ మీద ఒక నిండు సందేశానికి పావు మిల్లీసెకను పడుతుంది. విడిగా చూస్తే రెండూ చిన్నవే. ఎక్స్‌పోజరు, బొమ్మ చదవడం, రెండు మూడు ఫ్రేముల్లో చూసి ఖాయం చేసుకోవడం, చివర బ్రేకులో ప్రెషరు పెరగడం, వీటి ముందు నెట్‌వర్కు తీసుకునే వాటా కొంచెమే. అయినా నెట్‌వర్కు మీద ఇంత పట్టు ఎందుకంటే, మిగతావాటికి ఎంత పడుతుందో ముందే కొలిచి లెక్కలో పెట్టుకోవచ్చు. రద్దీ వల్ల ఎప్పుడు ఎంత ఆలస్యం అవుతుందో తెలియని దారిని లెక్కలో పెట్టుకోలేం. ఒక కాన్‌బాక్స్ పంపే ఎర్రర్ ఫ్రేములు చేసేది సరిగ్గా ఆ పనే.

వార్నింగులన్నీ నెట్‌వర్కువి కావని కూడా కస్టమర్లకి చెప్పాల్సి వస్తుంది. కెమెరాకి కనిపించకపోవడం వేరు, కెమెరాకి మాట అందకపోవడం వేరు. అనంతగిరి ఘాట్‌లో చలికాలం పొద్దున్నే మంచులో, గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద, ఎదురెండలో కెమెరా తాత్కాలికంగా తప్పుకుంటుంది. మేలో బీచ్ రోడ్డులో మధ్యాహ్నమంతా నిలబెట్టిన కారులో, అద్దం దగ్గర వేడి పెరిగి కెమెరా చల్లబడేదాకా పనిచేయనంటుంది. అద్దం మీద దుమ్ము పేరుకున్నా అంతే. వీటికి సాధారణంగా ‘యూ’ కోడ్లు ఉండవు, పరిస్థితి మారగానే తిరిగి వస్తాయి. ఘాట్ ఎక్కితే వార్నింగ్ వస్తోందని వచ్చిన బండికి వైరింగ్ విప్పే ముందు, ఎక్కడ, ఎప్పుడు, ఏ వెలుతురులో వచ్చిందో అడగండి. డాష్‌క్యామ్‌ని ఏడాస్ కెమెరా పక్కనే అంటించి, దాని యూఎస్‌బీ ఛార్జర్ వైరుని అదే కవర్లోంచి లాగిన బండ్లయితే, ముందు దాన్ని దూరంగా జరిపి చూడండి. దాని చూపుకి అడ్డం పోతుంది, ఛార్జర్ రొద కూడా తగ్గుతుంది.

ఇక ముట్టుకోవడం గురించి మీరు అడిగినదానికి. స్టీరియో వెనక కనెక్టరు దగ్గరికి వచ్చే కాన్, ఆ కారు మోడల్‌కి, ఆ సంవత్సరానికి సరిపోయే బాక్సు అయితే, ప్లగ్ అండ్ ప్లే వైర్ల కట్టతో (హార్నెస్) కలపొచ్చు. వైరు గీకి, టీ-ట్యాప్ క్లిప్పు నొక్కే పద్ధతి మానేయండి. స్టీరింగ్ కింద, ఏబీఎస్ దగ్గర, ముందు అద్దం పైకి వెళ్లే వైర్ల కట్టలో కనిపించే కాన్‌ని దేనికీ వాడొద్దు. కోయాక్స్, ఈథర్‌నెట్ జతలు విప్పి తిరిగి బిగించడం వరకే. ముందు అద్దం మార్చినా, కెమెరా బ్రాకెట్ కదిలినా, రాడార్ విప్పినా క్యాలిబ్రేషన్ (వాటి గురి మళ్లీ సరిచేయడం) తప్పనిసరి. దానికి టార్గెట్ బోర్డు, సమతల నేల, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అవి లేకపోతే సర్వీస్ సెంటర్‌కి పంపడమే సరైనది, ఆ మాట కస్టమర్‌కి బిగించే ముందే చెప్పండి.

మీరు ఈసీఈ చదివారు కాబట్టి చివరగా ఇది. ఆటోనగర్‌లో ఉంటూ దీన్ని నేర్చుకునే అవకాశం కాలేజీ ల్యాబులో దొరకదు. లినక్స్‌లో కాన్‌తో పనిచేసే సాఫ్ట్‌వేర్ సాకెట్‌కాన్ ఉచితం. అందులో వీకాన్ అనే ఉత్తుత్తి కాన్‌తో అసలు హార్డ్‌వేర్ లేకుండానే కాన్ సందేశాలు పంపి, కాన్-యుటిల్స్‌తో చూడొచ్చు. తర్వాత చవకలో దొరికే యూఎస్‌బీ కాన్ అడాప్టర్ రెండు కొని, 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టి బల్ల మీద చిన్న కాన్ లైను తయారుచేయండి. దానికి మూడో రెసిస్టరు కలిపి, తప్పు వేగంతో మూడో నోడు పెట్టి, ఎర్రర్ కౌంటర్లు ఎలా పెరుగుతాయో మీ కళ్లతో చూడండి. షాపులో ఒక పాత ఆసిలోస్కోప్ ఉంటే ఇంకా మంచిది. ఏ సందేశమూ లేనప్పుడు రెండు తీగలూ 2.5 వోల్టుల దగ్గర, మాట్లాడేటప్పుడు ఒకటి 3.5కి, ఇంకోటి 1.5కి వెళ్లడం కనిపించాలి. ప్యాకెట్లు విప్పి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో ఈథర్‌నెట్ ప్యాకెట్లు, కార్ల ఈథర్‌నెట్‌లో వాడే సమ్‌ఐపీ సందేశాలు చదవడం ఆ తర్వాతి మెట్టు. ఇదంతా కస్టమర్ కారు మీద కాకుండా బల్ల మీదే చేయండి.

ఆ బాక్సు తీసి తిప్పాక ఏమైందో, స్కానర్‌లో ఏ కోడ్లు వచ్చాయో రాయండి. బాక్సు తీసినా ‘యూ’ కోడ్లు పోకపోతే, కారు మోడల్, మీరు కలిపిన కనెక్టరు ఫొటో పెట్టండి, అక్కడ నుంచి చూద్దాం.